త్రాసూ టేపూ

"ఇవి ఎక్కడివి?"

త్రాసమ్మ అడిగింది ఒక్కసారే.

వంటింటి గట్టు మీద పాత పేపరు పరిచి ఉంది. దాని మీద గుడ్డు పెంకులు. ముక్కలన్నీ కలిపితే రెండు గుడ్లవుతాయి. త్రాసమ్మ అప్పటికే కలిపి చూసింది. బరువు చూసే యంత్రం తుడవడానికి గుడ్డముక్క కావాలని భర్త కుట్టుగదిలోని పీలికల సంచిలో చెయ్యి పెడితే, అడుగున గరగరమంటూ తగిలాయి.

కాలేజీ ల్యాబులో రసాయనాలు తూచి పిల్లలకు అందించే ఉద్యోగం ఆమెది. ఇరవై నాలుగేళ్ళ నుంచి అదే పని. త్రాసమ్మ అన్న పేరు ఆడపడుచు ఎగతాళికి పెట్టింది. ఏడాది తిరక్కుండానే అసలు పేరు ఇంట్లో ఎవరి నోటా వినపడకుండా పోయింది.

పక్క గదిలో, తెరిచి ఉన్న తలుపుకెదురుగా, ఆయన కుట్టు మిషను ముందు కూర్చున్నాడు. టైలరు. వీధి మొత్తానికీ మాస్టరు. పెదవుల మధ్య నాలుగు గుండుసూదులున్నాయి. చేతిలో గుడ్డ లేదు, మిషను మీదా లేదు, అయినా సూదులు మాత్రం నోట్లో ఉన్నాయి. ముప్ఫై ఏళ్ళ కాపురంలో త్రాసమ్మ గమనించిన సంగతి అది. మాట్లాడదలచుకోనప్పుడు ఆయన సూదులు నోట్లో పెట్టుకుంటాడు.

"మిమ్మల్నే. గుడ్డు తిన్నారా?"

తల అడ్డంగా ఊపాడు. తర్వాత నిలువుగా ఊపాడు. తర్వాత ఎటూ కాకుండా ఊరుకున్నాడు.

"తిన్నారా, తినలేదా? ఈ రెంటికీ మధ్య ఇంకోటి ఉందా?"

"ఉంది," అంది గుమ్మంలోంచి ఒక గొంతు. "సగం తిన్నాడు."

ఆయన అక్క. బేకరీలో తెల్లవారుజాము డ్యూటీ చేసి, ఇంటికి పోయే దారిలో రోజూ ఇటు తొంగిచూసి వెళుతుంది. జుట్టుకీ కనుబొమ్మలకీ ఇంకా పిండి అంటుకునే ఉంది. అరవై దాటినా ఆమె నడిచి వస్తుంటే నలుగురు వస్తున్నంత చప్పుడు.

"మీరేనా వదినా?"

"నేనే. మొన్న రెండు, నిన్న రెండు. బేకరీలోనే ఉడకబెట్టి జేబులో వేసుకొచ్చాను. ఇవాళ్టివి కూడా ఉన్నాయి, తూచి చూసుకుంటావా?"

"సగం వీరు తింటే మిగతాది ఎవరు తిన్నారు?"

"నేను తిన్నాను. పారేస్తానా? వాడు ఒక కొరుకు కొరికి, 'అక్కా, ఇక చాలు' అంటాడు. చిన్నప్పుడు నా కంచంలోది కూడా లాక్కుని తిన్న వెధవ, ఒక్క గుడ్డు తినడానికి ఆపసోపాలు పడుతున్నాడు."

త్రాసమ్మ గొంతు పెంచలేదు. ఆమెకు కోపం వస్తే గొంతు ఇంకా తగ్గుతుంది. "వదినా, వారానికి మూడుసార్లు ఆయన రక్తాన్ని యంత్రంలో పెట్టి కడుగుతున్నారు. ఆ సంగతి తెలిసే తెచ్చారా?"

"తెలిసే తెచ్చాను."

"గోడ మీద కాగితం ఉంది. చదవండి."

గోడ మీద కాగితం ఉన్న మాట నిజమే. దానికి ప్లాస్టిక్ తొడుగు వేయించి, నాలుగు మూలలా మేకులు కొట్టింది త్రాసమ్మ. ఉప్పు తగ్గించాలి. కూరగాయలు చిన్న ముక్కలు కోసి, నానబెట్టి, ఉడికించి, ఆ నీళ్ళు పారబోయాలి. పళ్ళు మితంగా తినాలి. గుడ్లు, మాంసం, పప్పులు, పాలు బాగా తగ్గించాలి. ఒక్కో వాక్యానికీ ఎదురుగా ఆమె పెట్టుకున్న పెన్సిలు గుర్తు. పప్పు ఇరవై గ్రాములకు మించేది కాదు. కూరముక్కలు రెండు నీళ్ళు మారేవి. తాగే నీళ్ళ సీసా మీద గీత, గీత పక్కన గంట. రక్తం కడగడం మొదలైన దగ్గరి నుంచి, ఇలా ఎనిమిది నెలలు. ఒక్క రోజు తప్పలేదు.

"నీ కాగితం సంగతి సరే, ఆ కూర్చున్నవాణ్ణి చూడు," అంది ఆడపడుచు.

"రోజూ చూస్తూనే ఉన్నాను." త్రాసమ్మ అలమారలోంచి చిన్న నోటుపుస్తకం తీసి తెరిచింది. "యాభై ఎనిమిది. పోయిన నెలా యాభై ఎనిమిదే. అయిదు నెలలుగా అదే బరువు. అర కిలో అటూ ఇటూ అంతే. మనిషి చిక్కిపోతుంటే ఈ అంకె ఇలా నిలబడుతుందా?"

ఆ అంకె చెప్పేటప్పుడు ఆమె గొంతులో కొంచెం మెరుపు వచ్చింది. ఈ అయిదు నెలల్లో ఆ ఇంట్లో మారకుండా ఉన్నది అదొక్కటే. పొద్దున లేచి ఆయన్ని బరువు చూసే యంత్రం మీద నిలబెట్టి, అంకె రాసుకున్నాకే ఆమెకు కాఫీ గుర్తొచ్చేది.

ఆడపడుచు ఆ పుస్తకం వంక చూసి, చేతులకున్న పిండి దులుపుకుంది.

"కిలో పొడిపిండీ కిలో తడిపిండీ నీ త్రాసుకి ఒకటేనే. రొట్టెకి ఒకటి కాదు. పిండి తగ్గించి నీళ్ళు ఎక్కువ పోశావనుకో, బరువు సరిపోతుంది. పొయ్యిలో పెట్టాక తెలుస్తుంది సంగతి."

"ఆయన రొట్టె కాదు."

"నువ్వు చూసుకునేది అలాగే ఉంది మరి."

వీధిలో ఎవరో సైకిలుకు గాలి కొడుతున్నారు. మాస్టరు సూదులు ఒక్కొక్కటే తీసి, మణికట్టుకు కట్టుకున్న చిన్న దిండుకు గుచ్చాడు.

"అక్కా, రేపటి నుంచి తేకు."

"ఏరా?"

"తేకంతే. ఆవిడ ఎంతో కష్టపడి చేస్తోంది. అది పాడు చెయ్యడం ఎందుకు?" లేచి నిలబడ్డాడు. లేస్తూ మిషను బల్లను పట్టుకున్నాడు. "ఆసుపత్రికి టైమవుతోంది," అన్నాడు భార్యతో. "పద."

ఆడపడుచు జేబులోంచి రెండు గుడ్లు తీసి గట్టు మీద పెట్టింది. అవి దొర్లకుండా పేపరు అంచు మడిచింది. వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది. నలుగురు వచ్చినట్టు వచ్చే మనిషి, పోయేటప్పుడు చెప్పుల చప్పుడు కూడా వినిపించలేదు.

త్రాసమ్మ పెంకులు పొట్లం కట్టి చేతిసంచిలో వేసుకుంది. ఆసుపత్రిలో చూపించాలి. పొరపాటు జరిగినప్పుడు దాని నమూనా దాచిపెట్టడం ల్యాబులో మొదటి నియమం.

* * *

డయాలిసిస్ గదిలో పది మంచాలు. కిటికీ పక్కది మాస్టరుది. దాని పక్కన, ఒకప్పుడు బస్సు నడిపిన పెద్దాయన. అందరూ డ్రైవరు గారనే పిలుస్తారు. సూది గుచ్చిన చెయ్యి కదపకుండా రెండో చేత్తో ఏదో ఒకటి తింటూ, పక్కవాళ్ళని పలకరిస్తూ నాలుగు గంటలూ గడిపేస్తాడు.

నర్సు మాస్టరు ఎడమచేతికి గొట్టాలు అమర్చి, యంత్రం మీట నొక్కింది. రక్తం ఒక గొట్టంలోంచి వెళ్ళి ఇంకో గొట్టంలోంచి రావడం మొదలైంది. కుట్టుచెయ్యి కుడిది. అది వదిలేశారు గనక బతికిపోయానని మొదటి రోజున ఆయన అన్నాడు. ఆ తర్వాత ఆ చెయ్యి కూడా పెద్దగా పని చెయ్యలేదు.

"ఏం మాస్టరూ, ఇవాళ మొహం వేలాడేశారు," అన్నాడు డ్రైవరు. "ఇంట్లో పంక్చరా?"

"చిన్నదే."

"చిన్నదే అనుకుని పోనిస్తే టైరు మొత్తం పోతుంది. చెల్లెమ్మా, ఏమైంది?"

త్రాసమ్మ నవ్వలేదు. "డైటీషియన్ వచ్చారా?"

పాత డైటీషియన్ మానేసి ఏడాది దాటింది. కుర్చీ అంతకాలం ఖాళీగానే ఉంది. ఈ వారమే కొత్తామె చేరిందని నర్సు చెప్పింది. కాసేపటికి వచ్చిందామె. ముప్ఫై ఏళ్ళుంటాయేమో, మెడలో ఒక ప్లాస్టిక్ టేపు, చేతిలో ఫైళ్ళు.

త్రాసమ్మ లేచి నిలబడి, సంచిలోంచి పొట్లం తీసి, మంచం అంచున విప్పింది.

"మా ఇంట్లో ఒక పొరపాటు జరిగిందమ్మా. నాకు తెలియకుండా జరిగింది. ఇవి రెండు గుడ్లవి. మొన్న ఇంకో రెండు. రక్తపరీక్షలో ఏమైనా తేడా వచ్చి ఉంటే కారణం ఇదేనని ముందే చెబుతున్నాను."

కొత్తామె పెంకుల వైపు చూసింది.

"రెండేనా?"

"మొత్తం నాలుగు. అందులో ఆయన తిన్నది సగమే అంటున్నారు."

"వారానికా?"

"రెండు రోజుల్లో."

"అంతకు ముందు?"

"అంతకు ముందు ఒక్కటి కూడా లేదు. ఎనిమిది నెలల్లో ఒక్కటి లేదు." ఆ మాట త్రాసమ్మ తలెత్తి చెప్పింది.

కొత్తామె ఫైలు మూసింది. మళ్ళీ తెరిచింది. తర్వాత పక్కనున్న స్టూలు లాక్కుని కూర్చుంది. నిలబడి చెప్పే మాట కాదని ఆ కూర్చోవడంలోనే తెలిసింది.

"అమ్మా, వీరికి రోజుకు మూడు గుడ్లు కావాలి. కనీసం తెల్లసొన. దాంతో పాటు ఒక పూట చేపో, కోడిమాంసమో. మీరు రోజూ ఏం పెడుతున్నారు?"

త్రాసమ్మ చెప్పింది. గ్రాములతో సహా చెప్పింది. చెబుతున్నకొద్దీ గొంతు నెమ్మదించింది, ఎందుకంటే కొత్తామె రాసుకోవడం మానేసింది.

"మీకు ఆ లెక్క ఎవరిచ్చారు?"

"డాక్టరు గారే. కాగితం ఉంది. గోడకు పెట్టుకున్నాను."

"దాని మీద తేదీ?"

త్రాసమ్మ కళ్ళు మూసుకుంది. కాగితం మొత్తం కళ్ళ ముందుంది. ప్రతి అక్షరం, ప్రతి పెన్సిలు గుర్తు. పై మూలన మేకు కింద, సగం కప్పుకుపోయి, తేదీ.

"రెండేళ్ళవుతుంది," అంది.

"అది ఈ డయాలిసిస్ మిషను ఎక్కకముందు ఇచ్చిన కాగితం. అప్పుడు మూత్రపిండాల మీద భారం తగ్గించాలని గుడ్డూ మాంసం తగ్గించమంటారు. మిషను ఎక్కాక ఆ ఒక్క మాట తిరగబడుతుంది. ఇది చెత్త తీసేటప్పుడు కొంత మంచి కూడా తీసుకుపోతుంది. ఆ పోయింది తిండితో నింపాలి. ఉప్పు, నీళ్ళు, కూరలు రెండుసార్లు ఉడికించడం, అవన్నీ మీరు సరిగ్గానే చేస్తున్నారు. చాలామంది చెయ్యలేనంత బాగా చేస్తున్నారు."

ఆ చివరి మాట త్రాసమ్మకి వినపడలేదు.

"బరువు తగ్గలేదమ్మా," అంది. "అయిదు నెలలుగా యాభై ఎనిమిది."

కొత్తామె మెడలోని టేపు తీసి, మాస్టరు కుడిజబ్బ చుట్టూ వేయబోయింది.

"అది సాగిపోయిన టేపమ్మా," అన్నాడు మాస్టరు, అంతసేపటికి మొదటిసారి నోరు విప్పి. "నా జేబులో నాది ఉంది, తీసుకోండి. తొమ్మిదిన్నర వస్తుంది."

టేపు చుట్టింది. తొమ్మిదిన్నరే వచ్చింది.

"మీకెలా తెలుసు?"

"ముప్ఫై అయిదేళ్ళుగా జబ్బలే చూస్తున్నాను. చూస్తే తెలిసిపోతుంది." ఆయన కిటికీ వైపు తిరిగాడు.

కొత్తామె ఆయన చీలమండ మీద బొటనవేలితో నొక్కి తీసింది. వేలి గుంట అలాగే ఉండిపోయింది. త్రాసమ్మ ఆ గుంట పూడుతుందేమోనని చూస్తూ నిలబడింది. చాలాసేపు పూడలేదు.

"కండ పోయింది. పోయినంత మేరకు నీరు చేరింది. అందుకే మీ అంకె కదల్లేదు."

కిలో పొడిపిండీ కిలో తడిపిండీ. పొద్దున వంటింట్లో విన్న మాట ఇక్కడ, ఈ మందుల వాసనలో, త్రాసమ్మకి అర్థమైంది.

"చెల్లెమ్మా," అన్నాడు డ్రైవరు మెల్లగా, "నాకూ మొదట్లో అలాగే జరిగింది. పసుపు కాగితం ఇచ్చాక గానీ మా ఆవిడ కూడా గుడ్డు పెట్టలేదు. మీకూ నర్సు చేతికిచ్చింది కదా మాస్టరూ? మనిద్దరం ఒకే రోజు ఎక్కాం మిషను. మందంగా, అట్టలా ఉంటుంది చూడండి. మీరు చేత్తో వంచి చూసి, కాగితం బాగుందన్నారు కూడా."

మాస్టరు కళ్ళు మూసుకుని ఉన్నాడు. నిద్రపోయాడనే అనుకోవచ్చు.

కొత్తామె త్రాసమ్మని వరండాలోకి తీసుకెళ్ళింది. ఇంకో పసుపు కాగితం చేతిలో పెట్టింది. నిజంగానే అట్టలా ఉంది.

"భయపెట్టడానికి చెప్పడం లేదమ్మా. ఈ స్థితిలో చిన్న జ్వరం వచ్చినా తట్టుకోలేరు. వెంటనే మొదలుపెట్టాలి. నెల రోజుల్లో మళ్ళీ పరీక్ష చేద్దాం. జబ్బ పావు అంగుళం పెరిగినా చాలు, దారిలో పడ్డట్టే."

"పెడతాను. ఇవాళే పెడతాను."

"పెట్టడం మీ చేతిలో ఉంది. ఇన్నాళ్ళు తినక ఆకలి చచ్చిపోయి ఉంటుంది. తినాలని వారికి ఉండాలి. అసలు తినాలని ఉందో లేదో మీరే కనుక్కోండి. అది నా పరీక్షల్లో తెలియదు."

* * *

ఇంటికొచ్చేసరికి మధ్యాహ్నం మూడయింది. మిషను దిగిన రోజు ఆయన ఒంట్లో ఏమీ మిగలదు. ముందు గదిలో చాప మీద వాలి, మాట్లాడకుండానే నిద్రలోకి జారిపోయాడు. త్రాసమ్మ దుప్పటి కప్పింది. కప్పుతూ, దుప్పటి కింద మనిషి ఎంత తక్కువగా ఉన్నాడో మొదటిసారి చూసింది. రోజూ అంకె చూసింది గానీ మనిషిని చూడలేదు.

వంటింట్లోకి వెళ్ళి గోడ మీది మేకులు నాలుగూ పీకింది. కాగితం కింద గోడ తెల్లగా ఉంది.

మొదటి పసుపు కాగితం ఎక్కడ ఉంటుంది? ఆయన కాగితం ముక్క పారెయ్యడు. బిల్లు వెనకైనా, క్యాలెండరు వెనకైనా కొలత రాసుకుంటాడు. కుట్టుగదిలోకి వెళ్ళింది.

కుట్టుగది ఆమెది కాదు. తన ల్యాబులోకి ఆయన రాడు, ఆయన గదిలోకి తను రాదు. పీలికల సంచి దాకా వస్తుంది, అంతే. గోడకు వేలాడే కత్తెరలు, సుద్దముక్కల డబ్బా, గుండీల సీసాలు. మిషను సొరుగులో కొలతల పుస్తకం. పొడుగాటిది, అట్ట చిరిగింది. ఒక్కో మనిషికి ఒక్కో పేజీ. కాగితం లోపల ఉంటుందేమోనని పేజీలు తిప్పింది.

చివరికి దగ్గరగా ఒక పేజీ మీద పేరు లేదు. 'నేను' అని ఉంది.

కింద తేదీలు. ఆసుపత్రిలో మిషను ఎక్కిన వారం నుంచి మొదలు. ప్రతి పదిహేను రోజులకూ ఒక వరస.

నడుము ముప్ఫై నాలుగు. ముప్ఫై మూడున్నర. ముప్ఫై మూడు. అలా దిగుతూ దిగుతూ ముప్ఫై.

జబ్బ పదకొండున్నర. పదకొండు. పదిన్నర. పది. తొమ్మిదిన్నర.

ఆ వరసల చివర ఇంకో కొలత. టైలర్లెవరూ తియ్యని కొలత. చీలమండ. అదొక్కటే పెరిగింది. తొమ్మిది. తొమ్మిదింబావు. తొమ్మిదిన్నర. పది దాటింది.

త్రాసమ్మ స్టూలు మీద కూర్చుంది. తన నోటుపుస్తకంలో అయిదు నెలలుగా ఒకే అంకె రాసుకుంటూ ఉంటే, గోడకవతల ఈ పుస్తకంలో మనిషి కరిగిపోతున్నాడు. ఆయన పంట్లాములు ఎప్పుడూ వదులవ్వకపోవడం ఆమెకు అప్పుడు తట్టింది. దండెం మీది పంట్లాము తీసి, నడుము పట్టీ తిరగేసి చూసింది. పాత కుట్టు విప్పిన గుర్తులు. కొత్త కుట్టు. దాని లోపల ఇంకో కుట్టు. నాలుగుసార్లు బిగించాడు. ఎవరికీ తెలియకుండా కుట్టడంలో ఆయనకు సాటి లేదు.

పొద్దున యంత్రం మీద నిలబడి, ఆమె అంకె చదివి నవ్వుతుంటే, ఆయనా నవ్వేవాడు.

తర్వాతి పేజీ తిప్పింది. 'త్రాసమ్మ, కోట్లు' అని ఉంది.

ల్యాబులో వేసుకునే తెల్ల కోటు. కాలేజీ తెరిచేముందు ఏడాదికొకటి కుట్టి ఇస్తాడు. ఉద్యోగంలో చేరిన దగ్గరి నుంచీ ఆమె వేసుకున్నవన్నీ ఆ చేతి కుట్టే. ఈ పేజీలో మాత్రం ఒకే తేదీ కింద ఆరు వరసలు.

ఛాతీ ముప్ఫై ఎనిమిది. ముప్ఫై ఎనిమిదిన్నర. ముప్ఫై తొమ్మిది. ముప్ఫై తొమ్మిదిన్నర. నలభై. నలభైన్నర.

ఆమె రిటైరవడానికి ఇంకా ఆరేళ్ళుంది.

ఏడాదికి అర అంగుళం చొప్పున తను లావెక్కుతుందని ఆయన లెక్క వేశాడు. ఆ లావెక్కడం చూడనని కూడా లెక్క వేశాడు.

బీరువా పైఅరలో, ఇస్త్రీ చేసిన దుప్పటి వెనక దొరికాయి. మూడు కుట్టడం అయిపోయింది. మూడు కత్తిరించి, మడిచి, సూదులు గుచ్చి ఉన్నాయి. మొదటి కోటు కుట్టు గీత గీసినట్టుంది. రెండోది ఫరవాలేదు. మూడో కోటు చంక దగ్గర కుట్టు అటూ ఇటూ నడిచింది. ఆ చేతి కుట్టు వంకర పోవడం ఆమె ఎన్నడూ చూడలేదు.

కత్తిరించిన గుడ్డల మీద కాలరు నమూనా ఉంది. కాలరు ఆకారంలో కోసిన మందపాటి కాగితం. పసుపు రంగు.

తిప్పి చూసింది. ఒంపు తిరిగిన అంచులో అక్షరాలు సగం సగం తెగిపోయి ఉన్నాయి.

'…రోజుకు మూడు గు…'

'…చేప లేదా కోడి…'

'…ఆకలి మందగిస్తే వెంటనే…'

చాలాసేపు ఆ కాగితం పట్టుకుని కూర్చుంది. ఏడుపు రాలేదు. ఆ వంకర కుట్టు మీద ఒకసారి వేలితో రాసింది, నిటారుగా అవుతుందేమోనన్నట్టు.

* * *

ఎండ వాలాక ఆయన లేచాడు. ముఖం కడుక్కుని, అలవాటుగా కుట్టుగదిలోకి వచ్చి మిషను ముందు కూర్చున్నాడు. బల్ల మీద మూడు కోట్లూ, మూడు కట్టలూ వరసగా ఉన్నాయి. వాటిని చూశాడు. కళ్ళద్దాలు తుడుచుకున్నాడు.

వంటింట్లో త్రాసమ్మ ఆడపడుచు పెట్టిపోయిన గుడ్లు మరిగే నీళ్ళలో వేసి తీసి, ఒలిచింది. చెయ్యి దానంతటదే త్రాసు దగ్గరికి పోయింది. ఆగింది. త్రాసును గోడవైపు నెట్టేసి, గుడ్లు కోసి, మిరియాల పొడి చల్లింది. తినేటప్పుడు నమలాల్సిన మాత్ర పక్కన పెట్టింది. పళ్ళెం తెచ్చి మిషను మీద ఉంచింది. పళ్ళెం పక్కన పసుపు కాలరు పెట్టింది.

"మీ అక్కయ్య తెచ్చినవే," అంది. "ఆవిడ మాటే నిజం. రేపు నేనే చెబుతాను ఆవిడతో."

"చెబితే ఇంక పట్టలేం. బేకరీ మొత్తం చాటుతుంది." నవ్వబోయాడు.

ఆమె నవ్వలేదు. కొలతలిచ్చే వాళ్ళు కూర్చునే స్టూలు మీద కూర్చుంది. అక్కడ ఆమె ఎప్పుడూ కూర్చోలేదు. ఆమె కొలతలు ఆయనకు చూపుతోనే తెలుసు.

"మీ పేజీ చూశాను. నా పేజీ కూడా చూశాను."

ఆయన చెయ్యి మణికట్టు మీది దిండు దగ్గరికి వెళ్ళింది.

"ఆరు ఎందుకని అడగను. అది నేనే లెక్క పెట్టుకున్నాను. ఒక్కటే అడుగుతాను." కాలరు కాగితం ఆయన వైపు జరిపింది. "దీన్ని కోసేముందు చదివారా?"

ఒక సూది. రెండు. మూడు. నాలుగు. వరసగా పెదవుల మధ్యకు వెళ్ళాయి.

ఆమె లేవలేదు. గొంతు ఇంకా తగ్గించింది.

"కాగితం మందంగా ఉందని కోశానంటే నమ్ముతాను. మీకు కాగితమంటే కొలతకే గదా. చదివే కోశానన్నా నమ్ముతాను. ఇన్నాళ్ళ పథ్యం చూసి, ప్రాణం ఇలా పోవడమే మేలనుకున్నారేమో. అప్పుడు కూడా నేను అరవను. కానీ ఏదో ఒకటి మీ నోటితో చెప్పాలి. రేపు పొద్దున నేను ఇంకో గుడ్డు ఉడకబెట్టాలి. ఎల్లుండి ఇంకోటి. తినాలని లేని మనిషికి పెడుతున్నానో, ఉన్న మనిషికి పెడుతున్నానో నాకు తెలియాలి."

వీధిలో పిల్లలు బంతి ఆడుతున్నారు. బంతి ఒకసారి వచ్చి తలుపుకు తగిలింది. ఇద్దరూ అటు చూడలేదు.

"నాది నేను చెబుతాను," అంది త్రాసమ్మ. "ఆ గోడ మీది కాగితం రోజుకు పదిసార్లు చూశాను. తేదీ మీద మేకు కొట్టింది నేనే. అంకె ఒకటే ఉంటే మనిషీ ఒకటే ఉన్నాడనుకున్నాను. మీ చేతికి అన్నం ముద్ద బరువవుతుంటే, పథ్యం బాగా పనిచేస్తోందని రాసుకున్నాను. అది నా తప్పు. ఇప్పుడు మీరు చెప్పండి."

ఆయన పళ్ళెం వైపు చూశాడు. గుడ్డు ముక్కల్లోంచి ఆవిరి రావడం ఆగిపోయింది. తర్వాత వంకర కుట్టు ఉన్న కోటు దగ్గరికి లాక్కుని, చంక దగ్గర వేలు పెట్టి చూశాడు. ఇది విప్పి మళ్ళీ కుట్టాలి అన్నట్టు నుదురు ముడిచాడు. పనివాడి నుదురు. ఎన్నో నెలల తర్వాత ఆ ముడత చూసింది ఆమె.

ఒక సూది తీసి దిండుకు గుచ్చాడు.

రెండోది తీశాడు.

మూడోది తీసి, కాసేపు వేళ్ళ మధ్య తిప్పి, అదీ గుచ్చాడు.

నాలుగోది ఇంకా పెదవుల మధ్యే ఉంది. త్రాసమ్మ పళ్ళేన్ని అంగుళం దగ్గరగా జరిపి, చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఆ సూది బయటికి రావడం కోసం చూస్తూ కూర్చుంది.